ఎదమీది గుర్తు ఎవరిది?

ఒక సంఘము తన గుర్తును ఎట్లు తెచ్చుకొనెనో తెలిసినచో, ఆ సంఘము తన్ను గూర్చి తానేమనుకొనుచున్నదో తెలిసినట్లే. జెండా గాని, ముద్ర గాని, ఆటగాండ్రు తొడుగుకొను చొక్కామీది బొమ్మ గాని కేవలము అలంకారము కాదు. "మేమిట్టివారము" అని లోకమునకు మనము వ్రాసి యిచ్చు పత్రమది. పత్రము నిచ్చువాడు దానిని ముందు చదువుకొని పిమ్మట సంతకము చేయవలెను. మనము చదువకుండగనే సంతకములు చేయుచున్నామని మా అభియోగము.

సంగతి చూచుటకు చిన్నదే. చెన్నపురిలో స్థిరపడిన మన కుటుంబముల యువతీయువకులు కొందరు ఆదివారము తెల్లవారుజామున బెసంట్ నగర్ సముద్రతీరమున చేరి పరుగెత్తుచున్నారు. ముప్పది మందికి మించరు. ఈ నగరమున పరుగు నేడు వింత కాదు. 2006లో చెన్నై రన్నర్స్ అను సంస్థ యేర్పడిన తరువాత అనేక పేటలలో పరుగు బృందములు వెలసినవి. చెన్నై మారథాన్‌లో వేలకొలది జనులు పాల్గొనుచున్నారు. మన పిల్లలును అందు పాల్గొనదలచి, అందరికి ఒకే రంగు చొక్కాలు కుట్టించుకొని, వానిమీద తమ బృందమునకొక చిహ్నము వేయించుకొనవలెననుకొనిరి. ఇంతవరకు ముచ్చటగనే యున్నది.

ఇక ఆ చిహ్నము వచ్చిన విధము వినుడు. ఒక సాయంకాలము ఒక అబ్బాయి కంప్యూటరు ముందు కూర్చుండి తెలుగు, చెన్నై, పరుగు అను మూడు మాటలను ఇంగ్లీషున కొట్టెను. కృత్రిమ మేధ అని పిలువబడుచున్న యంత్రము ఒక్క నిమిషములో నాలుగు బొమ్మలు గీసి యిచ్చెను. వానిని ఫోనులలో అందరికి పంపిరి. మెచ్చుకోలు బొటనవ్రేళ్లను లెక్కించి ఒకదానిని ఎన్నుకొనిరి. రాత్రి భోజనముల వేళకు పని ముగిసినది. ఆ బొమ్మలో పూర్ణకుంభమునకు రెండు కాళ్లు మొలచినవి, కాళ్లకు బూట్లు, కలశము వెనుక అగ్నిజ్వాలలు, క్రింద ఇంగ్లీషు అక్షరములు. కలశముమీద నున్నది టెంకాయయో టెన్నిసు బంతియో మాకు నేటికిని నిశ్చయము కాలేదు.

మేము అభ్యంతరము చెప్పితిమి. "పెదనాన్నగారూ, చొక్కామీద బొమ్మకు ఇంత చర్చ ఎందుకండీ? నాలుగుసార్లు ఉతికితే పోతుంది" అని ఒక అమ్మాయి నవ్వెను. ఆ నవ్వులో అమర్యాద లేదు, అమాయకత్వమే యున్నది. కాని ఉతికిన పోవునట్టి గుర్తు మనకేల? ఉతికినను పోనిది కావలెను గదా! ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకే ఈ వ్యాసము.

గుర్తు ఒక్క నిమిషములో పుట్టదు. మన జాతీయ పతాకము కథను తలచుకొనుడు. కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో జన్మించిన పింగళి వెంకయ్యగారు 1916లోనే దేశపతాకమునకు తగిన నమూనాలతో ఒక పుస్తకము ప్రకటించిరి. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనపుడు ఎరుపు, ఆకుపచ్చ వర్ణములు గల పతాకమును గాంధీజీకి సిద్ధపరచి యిచ్చిరి. దానిపై రాట్నముండవలెనను ఆలోచన జలంధరమునకు చెందిన లాలా హంసరాజ్‌గారిది. తెల్లని పట్టీ చేర్చవలెనన్నవారు గాంధీజీ. పతాకము అనుకొన్న వేళకు చేతికందలేదు. ఆ ఆలస్యమే మేలైనదని, తెలుపును గూర్చి ఆలోచించు వ్యవధి దానివలననే చిక్కినదని ఆయన పిమ్మట వ్రాసిరి. 1931లో రంగులు మరల చర్చకు వచ్చి ఎరుపునకు మారుగా కాషాయము నిలిచినది. 1947 జూలై 22వ తేదీన రాజ్యాంగ సభ రాట్నమునకు మారుగా ధర్మచక్రమును అంగీకరించినది.

ఒక తెలుగువాని పుస్తకము, ఒక పంజాబీయుని సూచన, ఒక గుజరాతీయుని సవరణ, ముప్పదియొక్క సంవత్సరముల తర్జనభర్జన. ఇన్ని చేతులు పడినవి కనుకనే ఆ జెండా ఇందరిదైనది. విశాఖపట్టణపు బాలిక యర్రాజి జ్యోతి 2023లో బ్యాంకాకులో వంద మీటర్ల హర్డిల్సు పరుగులో ఆసియా విజేత యైనపుడు ఎగిరినది ఆ పతాకమే. పరుగెత్తిన కాళ్లు ఆమెవి; ఎగిరిన గుర్తు వెనుక తర్కించిన తలలు పెక్కు. ముప్పది మంది పరుగువారికి ముప్పదియొక్క సంవత్సరములు అక్కరలేదు, నిజమే. ముప్పది దినములైన వద్దా?

దేశపతాకముతో పోల్చుట అతిశయోక్తి యనువారుందురు. సరే, మన యూరిలోని దృష్టాంతములే చూతము. వడపళని స్టూడియోల కాలమును ఎరిగిన పెద్దలు మనలో ఇంకను ఉన్నారు. నాగిరెడ్డి, చక్రపాణిగార్ల విజయా సంస్థ చిత్రమనగా తెరపై ముందుగా హనుమంతుని పతాకము రెపరెపలాడవలసినదే. ఏల హనుమంతుడు? విజయుడనగా అర్జునుడు, అర్జునుని రథముమీదిది కపిధ్వజము. పేరునుండి పతాకము పుట్టినది. పతాకము పేరునకు అర్థము చెప్పినది. ఆ పతాకము క్రిందనే 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్ తెలుగునను తమిళమునను వచ్చినవి. జెమినీవారి బూర లూదు ఇద్దరు బాలురను చూడుడు. జెమినీ యనగా మిథునరాశి, కవలలు. చదువురానివాడు సైతము ఆ బాలురను చూచి సంస్థ పేరు చెప్పగలిగెను. స్టూడియో పోయినను కూడలికి ఆ పేరు నిలిచినది. ఇట్టి గుర్తులు పుట్టిన నగరమున నివసించుచు, కలశమునకు బూట్లు తొడిగి తృప్తిపడుదుమా?

ప్రతిపక్షమువారి బలమైన వాదమును దాచుట న్యాయము కాదు. పరుగువారు లోకమంతట గుర్తించు చిహ్నము నైకీ కంపెనీ గీత. 1971లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరమున కళ నభ్యసించుచుండిన కరొలిన్ డేవిడ్సన్ అను విద్యార్థిని దానిని గీసి యిచ్చి 35 డాలర్లు పుచ్చుకొనెను. కంపెనీ యజమానికే అది మొదట అంతగా నచ్చలేదు. అందులో చరిత్ర లేదు, తర్జనభర్జన లేదు. ధరించి పరుగెత్తినవారి వలననే దానికి ప్రతిష్ఠ వచ్చినదని మన పిల్లలు చెప్పవచ్చును. అందు సగము సత్యమున్నది. గుర్తునకు గౌరవము చేకూర్చునది దానిని ధరించినవారి నడవడియే. కాని మిగిలిన సగమును గూడ వినవలెను. ఆ గీత విజయదేవత పేరు పెట్టుకొనిన పాదరక్ష కొరకు, చలనము తోచునట్లు, ఒక మనిషి కూర్చుండి ఆలోచించి గీసినది. మరియొకరి గుడిలోని కలశమును ఎత్తుకొని వచ్చినది కాదు.

కలశమును గూర్చియే మా రెండవ ఆక్షేపణ. పూర్ణకుంభము పవిత్రమైనది, అమరావతి శిల్పులు దానిని సున్నపురాతిలో చెక్కి ధన్యులైరి. కాని నేడది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చిహ్నములో నున్నది. కాకతీయ తోరణమును చార్మినారును 2014లో తెలంగాణ ప్రభుత్వము తన చిహ్నమున నుంచుకొన్నది. మన తమిళనాడు ప్రభుత్వ చిహ్నమున ఆలయగోపురమున్నది. ఎవరి యింటి గుర్తు వారిది. తరతరములుగా ఈ యూరి నీరు త్రాగినవారమై యుండి, గుర్తు కావలసినపుడు మాత్రము పొరుగు రాష్ట్రపు సచివాలయపు ముద్రను ఎరువు తెచ్చుకొనుట ఏమి మర్యాద? అది చూచినవారు మనలను ఇక్కడికి నిన్న మొన్న వచ్చిన విడిదివారనుకొనినచో తప్పు వారిదా, మనదా? పోనీ, పూర్ణకుంభమే కావలెనన్నచో ఎగ్మూరు మ్యూజియము ఎంత దూరము? అమరావతీ స్తూపపు శిలలు పందొమ్మిదవ శతాబ్దముననే వచ్చి అక్కడ నిలిచినవి. వాని యెదుట ఒక పూట కూర్చుండి పెన్సిలు పట్టినవాడు గీసిన కుంభమునకు మేము చేతులు జోడింతుము. యంత్రము కక్కిన కుంభమునకు జోడింపము.

ఇంతవరకు పిల్లలను మందలించితిమి. ఇక పెద్దల వంతు. చర్చ పెరిగిన పిదప పెద్దలు సూచించిన చిహ్నములు తక్కువ వింతవి కావు. ఒకరు తెలుగుతల్లి నుంచవలెననిరి. చెమటతో తడిసి చాకలిమూటలో చేరు చొక్కామీద తల్లి బొమ్మ యేల? మరియొకరు దామెర్ల చెన్నప్ప నాయకుని చిత్ర మనిరి. 1639లో ఈ నేల నిచ్చిన నాయకులు మనవారని ఏటేట మన సంచికలలో వ్రాసికొనుచునే యున్నాము. చెన్నప్ప నాయకునికి పరుగుతో నేమి పని? ఇంకొక పెద్దమనిషి కంట తడిపెట్టి, పోగొట్టుకొన్న మద్రాసును గుర్తులో చూపవలెననెను. వారి వేదన మాకు తెలియును. పొట్టి శ్రీరాములుగారు రాయపేట హైరోడ్డులోని యింట నిరాహారులై 1952 డిసెంబరు 15న ప్రాణములు విడిచిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము కర్నూలు రాజధానిగా ఏర్పడెను. చెన్నపురి ఇక్కడనే నిలిచెను. కాని ఇరువది యేండ్ల పిల్లవాని ఎదమీద తాతల వ్యాజ్యమును అచ్చు వేయుట ధర్మమా? వాడు పోగొట్టుకొన్న నగరములో పరుగెత్తుట లేదు. తన నగరములో పరుగెత్తుచున్నాడు. ఈ భేదము గ్రహింపని చిహ్నమేదియు వానికి తగదు.

అట్లైన తగినదేది? వెదకువారికి ఈ నగరపు క్రీడాచరిత్రయే సమాధానము చెప్పుచున్నది. 1846లో స్థాపితమైన మద్రాసు క్రికెట్ క్లబ్బు దొరల క్లబ్బు. చేపాకు మైదానమున భారతీయులు వారితో ఆడవచ్చినపుడు పెవిలియన్‌లో అడుగుపెట్టుటకు వీలులేకుండెను. దుస్తులు మార్చుకొనుట చెట్ల క్రింద. మధ్యాహ్న భోజనము చెట్ల క్రింద. మైలాపూరు లజ్ హౌసులో పెరిగిన ఒక తెలుగు యువకుడు ఈ అవమానమును సహింపలేకపోయెను. ఆయన పేరు మోతవరపు వేంకట మహీపతి నాయుడు. లోకమునకు బుచ్చిబాబు నాయుడు. 1868లో జన్మించి, ఇరువదవ యేట, అనగా 1888లో, మద్రాస్ యునైటెడ్ క్లబ్బును స్థాపించెను. మైదానమేర్పరచెను, యువకులకు ఆట నేర్పించెను, దొరల జట్టుతో సమానముగ నిలుచు జట్టును తీర్చిదిద్దెను. 1908లో ఐరోపావారికిని భారతీయులకును పోటీ నేర్పాటు చేసి, అది జరుగకముందే నలుబది యేండ్ల ప్రాయమున కన్నుమూసెను. ఆయన పేరిటి పోటీని ఈ నగరము నేటికిని స్మరించుచున్నది. ఆయన కుమారులలో నొకరు కోటా రామస్వామి 1922లో డేవిస్ కప్ టెన్నిసును, 1936లో నలుబదవ యేట టెస్టు క్రికెట్టును ఆడి రెండు ఆటలలోను దేశమునకు ప్రతినిధియయ్యెను.

ఆయన తన క్లబ్బునకు పెట్టిన పేరును గమనింపుడు. తెలుగు క్లబ్బు అనలేదు, నాయుడు క్లబ్బు అనలేదు, యునైటెడ్ అనెను. కలిసినవారి సంఘమని అర్థము. ఆ తెలుగువాడు తెరచిన తలుపులోనుండి భాషాభేదము లేక ఎందరో మైదానములోనికి నడిచివచ్చిరి. ఈ నగరమునకు తెలుగువారిచ్చినది భూమి దానపత్రము మాత్రమే కాదు. ఇట్టి తలుపులును ఇచ్చిరి. చేపాకు చెట్టు క్రింద దుస్తులు మార్చుకొనినవారి జ్ఞాపకమే పరుగెత్తు పిల్లల చొక్కామీదికి రాదగిన గుర్తని మేము గట్టిగా వాదించుచున్నాము. ఒక చెట్టు, దాని క్రింద నేలను తెలుపు ఒక గీత, గీతపై బయలుదేరుచున్న ఒక పాదము. చెట్టు నాటి అవమానము. పాదము దానికి సమాధానము. నేటి పరుగువారును ఎండ చురుక్కుమనగానే చెట్టు నీడనే వెదకుదురు గదా!

చిహ్నమున తెలుగక్షరము లుండవలెనా యనునది చివరి వివాదము, అన్నిటికన్న పెద్దది. "మాలో సగం మందికి చదవడం రాదు కదండీ, వేసి ఏం ప్రయోజనం?" అని ఒక అబ్బాయి అడిగెను. ఆ మాట బాణమువలె తగిలినది. ఏలయన అది నిజము. 2011 జనగణన ప్రకారము తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకొనినవారు నలుబదిరెండు లక్షలకు పైబడిన జనము. వారిలో తెలుగు వ్రాత వచ్చిన పిల్లలెందరో ప్రతి యింటివారును తమ భోజనపు బల్లచుట్టు లెక్కించుకొనవచ్చును. 2006 నాటి చట్టము ప్రకారము పాఠశాలలలో తమిళము నిర్బంధ ప్రథమ భాషయై, ఒకటవ తరగతితో మొదలై, అంచెలంచెలుగా 2015-16 నాటికి పదవ తరగతిని చేరినది. అల్పసంఖ్యాక భాషల విద్యార్థులకు మినహాయింపు కోరి న్యాయస్థానములకు ఎక్కవలసి వచ్చినది. తమిళము నేర్చుట మన ధర్మము. ఈ నేల భాష రానివాడు ఈ నేలవాడు కాడు. కాని తమిళము నేర్చిన కారణమున తెలుగు మరువవలెనని ఏ చట్టమును శాసింపలేదు. బడిలో స్థానము తగ్గినపుడు ఇంటిలో పెంచవలసినది మనము. పెంచితిమా? సంక్రాంతికి ముగ్గులు, ఉగాదికి పచ్చడి, సంచికలో వ్యాసము. అక్షరములు మాత్రము రేపటికి. ఈ తప్పు ప్రభుత్వముమీద కొంత, పిల్లలమీద లేశము, మామీద పర్వతమంత.

కనుకనే అక్షరములుండవలెను. చదువరానివాడు ధరించిన అక్షరము వానిని ప్రశ్నించును, ప్రక్కనున్నవాడు "ఇదేమి?" యని అడుగును, చెప్పలేకపోయినచో సిగ్గు పుట్టును, సిగ్గునుండి చదువు పుట్టును. తమిళ సోదరులు నొచ్చుకొందురేమో యను భయము మనలో కొందరికున్నది. తన భాషను ప్రాణముగా చూచుకొనువాడు ఎదుటివాని భాషాభిమానమును చూచి నొచ్చుకొనడు. తన భాషను తానే దాచుకొనువానిని చూచినచో చిన్నచూపు చూచును. ఆ భయము గలవారికై మా సూచన ఇది: పైన తెలుగులో పరుగు, క్రింద తమిళ లిపిలో ఓట్టం. రెండు మాటలు, ఒక చెట్టు. బుచ్చిబాబు పెట్టిన పేరులోని కలయికకు ఇంతకన్న తగిన వ్యాఖ్యానము లేదు. ఇంగ్లీషును నిషేధింపుమని మేమనము. దానికి చొక్కా వీపుభాగము విశాలముగ నున్నది.

వాదము ఫలించినదా యని అడుగుదురేమో. చొక్కాల పని నిలిపి పిల్లలు నెల దినముల గడువు కోరిరి. ఒక ఆదివారము పరుగు ముగిసిన పిదప కొందరు చేపాకు వరకు పోయి, స్టేడియము చుట్టు నడచి వచ్చిరి. పిమ్మట ఒక కాగితము మా చేతికి వచ్చినది. పెన్సిలు గీతలే. చెట్టుకు కొమ్మలు తక్కువ, పాదము కొంచెము పెద్దది. ఇంకను దిద్దవలసినది చాల నున్నది. తెలుగు మాట వ్రాసినది ప్రయోజనమేమని అడిగిన ఆ అబ్బాయియే. ప, రు, గు: ఈ మూడక్షరములను నాయనమ్మ ప్రక్కన కూర్చుండి నేర్చుకొని, నోటుపుస్తకములో రెండు పుటలు నింపి, అందు బాగుగా కుదిరినవానిని ఏరి కాగితముమీదికి ఎక్కించెను. "రు" కొంచెము ప్రక్కకు ఒరిగినది. దానిని నిటారుగా దిద్దవలదని మేము ఓటు వేసితిమి.

మన సంఘములన్నిటికిని మా విన్నపమిది. చిన్న బృందమునకైనను గుర్తు కావలసినపుడు ఈ నేలలో వెదకుడు. ప్రతి గీతకును కారణము చెప్పగలిగి యుండుడు. కాదనువారి మాట కడవరకు వినుడు. మనిషి చేతితో గీయింపుడు. గుర్తులో మన లిపి యుండనిండు. యంత్రమునకు నిమిషము చాలును, మనకు నెల పట్టును. ఆ నెలలో ఒక పిల్లవానికి మూడక్షరములు వచ్చినవి. మిగిలిన అక్షరములను నేర్పు భారము మనది. దానిని వచ్చే ఉగాదికి వాయిదా వేయకుందము.